చీలమండ దగ్గరి పిన్నీసు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెప్పాలని చాలాసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ కాఫీ తాగుతారా అని అడిగి ఊరుకున్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. నలభై ఏళ్ళు ఒకే కంచంలో తిన్నట్టు బతికినవాళ్ళం. చెప్పకుండానే ఆయన వెళ్ళిపోయారు.

నా ట్రంకుపెట్టె అడుగున, పాత పట్టుచీరల కింద, ఒక కట్టుగుడ్డ ఉంది. సాగే గుడ్డ, కాళ్ళకు చుట్టేది. దాని బరువెంత? చింతపండు ఉండంత కూడా ఉండదు. ఇల్లు మారిన ప్రతిసారీ ఆ పెట్టెను కూలివాళ్ళు మోశారు. గుడ్డను మాత్రం నేనే మోశాను. నాంపల్లి నుంచి హిమాయత్‌నగర్‌కు, అక్కడి నుంచి ఇప్పుడున్న ఈ గదికి.

ఆ గుడ్డ రుక్మక్కది. రుక్మక్క మా ఇంటి యజమానురాలు. నాంపల్లి స్టేషన్‌కు వెనక సందులో వాళ్ళ ఇల్లు. రాష్ట్రం ఏర్పడిన ఏడాది మా ఆయనకు సెక్రటేరియట్‌లో గుమాస్తా ఉద్యోగమై, తెనాలి వైపు నుంచి కొత్త కాపురానికి వచ్చాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. వాళ్ళింట్లో ఒక వాటాలో దిగాం. ఆమె మాట్లాడే తెలుగు నాకు సగం అర్థమయ్యేది కాదు. నేను మాట్లాడేది ఆమెకు నవ్వొచ్చేది. "నీది పాట పాడినట్టు ఉంటది చెల్లె" అనేది. ఆమెకు పిల్లలు లేరు. ఆమె భర్తకు అబిడ్స్‌లో గడియారాలు బాగుచేసే చిన్న దుకాణం. నేను ఆయన్ను పెద్దాయన అనేదాన్ని. నా మొదటి కాన్పుకు దవాఖానకు తీసుకుపోయింది ఆమే. పోయిన బిడ్డను తన చీర కొంగులో చుట్టింది కూడా ఆమే. ఊరంతా గొడవలు జరిగిన ఏడాది, ఆంధ్రా నుంచి వచ్చిన మావాళ్ళ ఇళ్ళ మీద రాళ్ళు పడుతున్న రోజుల్లో, మా వాటా గడపకు అడ్డంగా పీట వేసుకుని కూర్చుని, మూడు రోజులు అక్కడే బియ్యం ఏరింది. ఎవరో వచ్చి అడిగితే "గీడ నా చెల్లె ఉంటది, ఏంది?" అంది. అంతే. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నాను? ఆమె ఎంత మంచిదో చెబితే నా తప్పు చిన్నదవుతుందా? కాదు, పెద్దదవుతుంది. అయినా చెప్పాలి. నేను ఎవరికి చేశానో మీకు తెలియాలి.

మేం వచ్చిన పద్దెనిమిదేళ్ళకు రుక్మక్క స్నానాలగదిలో జారిపడింది. తొడ ఎముక తుంటి దగ్గర విరిగింది. పుత్తూరు కట్టు వేయిద్దామని కొందరు, నూనె రాస్తే అతుక్కుంటుందని కొందరు. పెద్దాయన మాత్రం గడియారాల మనిషి. అరిగిన చక్రం తీసి కొత్తది వేయడం ఆయన రోజూ చేసే పనే. నాంపల్లిలోనే ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో, విదేశంలో చదువుకొచ్చిన డాక్టరు తుంటికి లోహపు కీలు వేస్తాడని తెలియగానే "గట్లనే చేపిద్దాం" అన్నారు. పక్కన ఉండడానికి ఎవరున్నారు? నేనే. ఎవరూ నన్ను అడగలేదు. నేనూ అడిగించుకోలేదు. చాప, చెంబు సర్దుకుని వెళ్ళిపోయాను.

ఆపరేషన్ బాగా జరిగింది. డాక్టరు బయటికి వచ్చి, కీలు సంగతి తాను చూసుకున్నానని, ఇక భయపడాల్సింది రక్తం గురించి అని చెప్పాడు. మంచాన పడి కదలకుండా ఉన్నవాళ్ళకు కాలి నరాల్లో రక్తం గడ్డకడుతుందట. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళితే మనిషి దక్కదట. రక్తం పలచబడే మందు ఉంది కానీ, పచ్చిగాయం లోపల రక్తం కారుతుందేమోనని వెనకాడుతున్నానన్నాడు. కాబట్టి కాళ్ళకు కట్లు, పాదాలు ఆడించడం, తొందరగా నిలబెట్టడం, ఈ మూడే మందు అన్నాడు. నేను తల ఊపాను. తల ఊపడంలో నన్ను మించినవాళ్ళు లేరు.

ఆ మూడూ చూసుకునే నర్సు పేరు సుగుణ. అది ఆమె అసలు పేరు కాదు. అసలు పేరు రాసే హక్కు నాకు లేదు. వరంగల్ వైపు పిల్ల. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. మొదటిరోజే నన్ను పక్కన నిలబెట్టి రెండు కాళ్ళకూ కట్లు కట్టి చూపించింది. "అమ్మా, కట్టు పాదం కాడికెల్లి పైకి పోవాలె. కింద జర గట్టిగ, పైకి పోయినకొద్ది వదులు. రక్తం పైకి తోలినట్టు. పిన్ను తొడ కాడ పెట్టాలె. మీరు ఇప్పొద్దు, కట్టొద్దు, నన్ను పిలువుండ్రి. పిక్క నొస్తున్నదంటే పిసకొద్దు, నాకు చెప్పాలె." ఇంత స్పష్టంగా చెప్పింది. నాకు ఒక కాగితం కూడా ఇచ్చింది. గంటకోసారి రుక్మక్క చేత రెండు పాదాలూ ఇరవైసార్లు పైకీ కిందికీ ఆడించి, ఒక గీత గీయాలి.

నేను గీతలు గీశాను. ఒకరోజంతా నిజంగా ఆడించాను. రెండోరోజు నుంచి రుక్మక్క మూలిగేది. "సచ్చినా కదలియ్య, జర పండనియ్యవే" అనేది. మా ఊళ్ళో ఎముక విరిగినవాణ్ణి కదిలించడమంటే పాపం చేసినట్టే. కదలకుండా ఉంటేనే అతుక్కుంటుందని పుట్టినప్పటి నుంచి విన్నాను. ఆమె కునుకు తీస్తుంటే లేపబుద్ధి కాలేదు. లేపకుండానే గీత గీశాను. అది దయ అనుకున్నాను. దయేనా? నాకు కూడా కూర్చున్నచోటే కళ్ళు మూతలు పడుతుండేవి. ఇప్పుడు నిజం చెప్పాలి కదా. సగం దయ, సగం బద్ధకం.

అయిదోరోజు శుక్రవారం. శ్రావణ శుక్రవారం.

రుక్మక్క పొద్దున్నే లేచి తన కాళ్ళు చూసుకుంది. తొడల దాకా తెల్లటి కట్లు. ఆపరేషన్‌కు ముందు మట్టెలు తీయించారు. పెళ్ళయిన నాటి నుంచి శుక్రవారం పూట ఆమె పాదాలు పసుపు లేకుండా ఎవరూ చూడలేదు. నేనైతే పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు. సుగుణకు ఆ సంగతి ముందురోజే చెప్పాను. ఆ పిల్ల నవ్వి, వేళ్ళు బయటే ఉన్నాయి కదా, వేళ్ళకు పూసి మట్టెలు పెట్టండి చాలు అంది. ఎంత తేలికైన దారి చూపించిందో చూడండి. ఆ దారిన నేను పోలేదు.

వేళ్ళకు పూశాను. మట్టెలు పెట్టాను. రుక్మక్క చూసి ముఖం తిప్పుకుంది.

"ఏళ్ళకు పూస్తె గది పసుపైతదా? జర ఇప్పవే చెల్లె. పీనుగ కాళ్ళ లెక్క ఉన్నయి. ఆయన పన్నెండింటికి వస్తడు. గీ కాళ్ళు చూపియ్యనా?"

"సిస్టర్ వద్దంది అక్కా."

"గామెకు ఎవరు చెప్తరు? నువ్వు, నేను. అంతే కద."

సుగుణ అప్పుడు ఇంకో ఆపరేషన్‌కు లోపలికి వెళ్ళింది. పాపం, రావాల్సిన ఇంకో నర్సు రాకపోవడంతో ముందురోజు సాయంత్రం నుంచి డ్యూటీలోనే ఉంది. తెల్లారాక రుక్మక్క కట్లు విప్పి మళ్ళీ కట్టిపోయింది. ఇక సాయంత్రం దాకా ముట్టుకోదని నాకు తెలుసు.

తలుపు దగ్గరికి వేశాను. పిన్నీసులు తీశాను. రెండు కాళ్ళ కట్లూ విప్పాను.

ఆపరేషన్ అయిన కాలి పిక్క ఉబ్బి ఉంది. రెండో కాలికీ దానికీ తేడా తెలుస్తోంది. చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. రుక్మక్క "గాడ గుంజుతున్నదే, రెండు దినాలాయె. జర పిసుకు" అంది. పిక్క నొస్తే నాకు చెప్పాలె అని సుగుణ అన్న మాట నా చెవిలో లేదా? ఉంది. ఉండీ ఏం చేశాను? చెబితే కట్టు విప్పినట్టు తెలుస్తుంది. అందుకని చెప్పలేదు. పెద్దవాళ్ళ కాళ్ళు పిసకడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. మా అమ్మమ్మ నా చేతిని మెచ్చుకునేది. రుక్మక్క పిక్కను నూనెచేత్తో నెమ్మదిగా, పైకి పైకి, బాగా పిసికాను. ఆమె హాయిగా కళ్ళు మూసుకుంది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. దాన్ని చూసి నేను సంతోషించాను. ఆ సంతోషమంటేనే నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేస్తుంది.

పసుపు పూశాను. మడమలకు, పాదాలకు, చీలమండల దాకా నిండుగా. తర్వాత గబగబా మళ్ళీ కట్లు కట్టాను. వరండాలో చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. మంచి కాలికి ఎలాగో సరిగానే కట్టాను. ఆపరేషన్ కాలిని ఎత్తి పట్టుకోవడం కష్టమై, పైనుంచి మొదలుపెట్టాను. తొడ దగ్గర గట్టిగా బిగించి, చుట్టుకుంటూ కిందికి వచ్చి, మిగిలిన కొసను చీలమండ దగ్గర పిన్నీసుతో గుచ్చాను. అప్పుడు నాకు అది కట్టు మాత్రమే. కాలి చుట్టూ గుడ్డ ఉంది కదా, ఎటు నుంచి కడితేనేం అనుకున్నాను. దుప్పటి కప్పేశాను.

సుగుణ వచ్చింది. దుప్పటి కొస నుంచి వేళ్ళు కనిపిస్తున్నాయి. "పూసినరా, మంచిగున్నయి" అంది. దుప్పటి ఎత్తి చూడలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా కాగితం చూసి గీతలన్నీ ఉన్నాయని మెచ్చుకుంది. పన్నెండింటికి పెద్దాయన టిఫిన్ డబ్బాతో వచ్చి, ఆ పచ్చటి వేళ్ళు, మట్టెలు చూసి మంచం అంచున కూర్చున్నారు. జేబురుమాలు తీసి కళ్ళు తుడుచుకుని, దుకాణం తెరవాలని అబిడ్స్ వెళ్ళిపోయారు.

రెండింటికి సుగుణ, నేను చెరో పక్క పట్టుకుని రుక్మక్కను నిలబెట్టాం. మూడోరోజు నుంచి రోజూ నిలబెడుతున్నాం. నిలబడింది. చుట్టిన చీర పాదాల దాకా జారి కట్లను కప్పేసింది. రుక్మక్క కిటికీలోంచి చూసి, వాన పడేటట్టుందంది. తర్వాత నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఊపిరి ఆడ్తలేదు చెల్లె" అంది. పెదవులు నీలంగా మారాయి. మా ఇద్దరి చేతుల మధ్యలోంచి జారిపోయింది. డాక్టరు పరుగున వచ్చాడు. ఛాతీ మీద నొక్కాడు, సూదులు వేశాడు. ఏమీ మిగల్లేదు.

ఆయన లేచి నిలబడి, చీర అంచు పైకి తీసి కాళ్ళు చూశాడు. చీలమండ దగ్గర పిన్నీసు చూశాడు.

"ఇది ఎవరు కట్టారు? పైనుంచి కిందికి కట్టారు. తొడ దగ్గర బిగించి రక్తాన్ని కింద నిలిపేశారు. ఎవరు?"

"నేను గిట్ల కట్టలేదు సార్" అంది సుగుణ. ఆమె ముఖం పాలిపోయింది. నా వైపు చూసింది. డాక్టరు కూడా నా వైపు చూశాడు.

"మీరేమైనా విప్పారా అమ్మా?"

"లేదు."

ఒక్క మాట. ఆలోచించుకుని చెప్పలేదు. ఎవరో నా గొంతులో కూర్చుని చెప్పినట్టు వచ్చింది. కానీ ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఆ గదిలో నాకు చాలా సమయం దొరికింది. సుగుణ వంగి, "విప్పి చూస్త సార్, నా కట్టు కాదిది" అని పిన్నీసు మీద చెయ్యి వేసింది. విప్పితే లోపల పసుపు. అంతా బయటపడేది. అప్పుడు నేను అన్నది వినండి. "పోయిన మనిషి కాళ్ళు ఇంకా ఎందుకమ్మా ముడతావు? నీకు దణ్ణం పెడతాను, వదిలెయ్" అని గట్టిగా ఏడ్చాను. ఏడుపు నిజమే. దాన్ని వాడుకున్నది కూడా నిజమే. సుగుణ చెయ్యి వెనక్కి తీసుకుంది. డాక్టరు నా కాగితం మీది గీతలు చూశాడు. ఇంత శ్రద్ధగా చూసుకున్న మనిషి అబద్ధం ఎందుకు చెబుతుంది అనుకుని ఉంటాడు.

ఎందుకు చెప్పాను? నన్ను నేను లెక్కలేనన్నిసార్లు అడిగాను. పెద్దాయన ముఖం ఎలా చూడాలన్న భయం. అఫ్జల్‌గంజ్ నుంచి రాబోయే ఆమె తోడికోడళ్ళు, ఆంధ్రామె చేతిలో పెడితే చంపేసిందని అంటారన్న భయం. గడపకు అడ్డంగా పీట వేసుకుని కూర్చున్న మనిషి ఋణం నేను ఇలా తీర్చుకున్నానని నలుగురూ అనుకుంటారన్న భయం. ఇవన్నీ కారణాలే. కానీ వీటిలో ఒక్కటీ సుగుణది కాదు. ఆ పిల్లకేం సంబంధం?

శవాన్ని ఇంటికి తెచ్చాక, ఆడవాళ్ళు స్నానం చేయించేలోపు ఆ కట్లు నేనే విప్పాను. ఆపరేషన్ కాలి కట్టును సంచిలో దాచాను. వాళ్ళు ఆమె పాదాలకు మళ్ళీ పసుపు పూశారు. పుణ్యాత్మురాలు, శ్రావణ శుక్రవారం పసుపు కాళ్ళతో పోయిందన్నారు. పెద్దాయన నా తల మీద చెయ్యి పెట్టి, "నీ చేతుల మీదనే పసుపు పెట్టించుకున్నదమ్మ" అన్నారు. ఆ చెయ్యి తీసేదాకా నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.

వారం తిరక్కుండా సుగుణను పనిలోంచి తీసేశారు. పెద్దాయనే వెళ్ళి అడిగారట. మెత్తటి మనిషి, ఎప్పుడూ ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. బతికినన్నాళ్ళూ ఆ నర్సును తిట్టుకున్నారు. నేను అన్నం వడ్డించేదాన్ని, ఆయన తిట్టేవారు, నేను వినేదాన్ని. ఒక్కోసారి పెరుగు వేస్తూ ఔనన్నట్టు తల ఊపేదాన్ని.

కట్టుగుడ్డ ఉతకబోయాను. సబ్బు తగలగానే పసుపు మరకలు ఎర్రగా మారాయి. ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే. ఎండలో ఆరేస్తే పసుపు మరక పోతుంది, అదీ తెలిసిందే. కానీ మాకు ఎండ వచ్చేది వాకిట్లోనే. వాకిట్లో పెద్దాయన కూర్చుని ఉండేవారు. గుడ్డను నీడలోనే ఆరబెట్టి పెట్టెలో పెట్టాను. పారేయవచ్చు కదా అంటారేమో. పారేయలేకపోయాను. ఎందుకో నాకే తెలియదు.

ఇక్కడితో అయిపోతే నేను ఏదోలా బతికేదాన్నేమో. రెండేళ్ళ తర్వాత అబిడ్స్‌లో, పోస్టాఫీసు ఎదురుగా గాజుల దుకాణంలో సుగుణ కనిపించింది. గల్లాపెట్టె ఇవతల నిలబడి ఎవరి చేతికో గాజులు ఎక్కిస్తోంది. నేను తల వంచుకుని దాటిపోబోయాను. ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను ఆపింది. ఇప్పుడు అడుగుతుంది, నలుగురిలో కడిగేస్తుంది అనుకున్నాను. నిజం చెప్పనా? కడిగేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"మంచిగున్నరా అమ్మా?" అంది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుంది. రిక్షాలు పోతున్నాయి. "అమ్మా, నేనే కట్టిననేమో. గా దినం తెల్లారేసరికి నాకు సోయి లేకుండె, నిల్చున్నకాడనే నిద్ర. శానసార్లు యాది చేసుకున్న. మొదట్ల కాదనుకున్న. గిప్పుడు నేనే అనిపిస్తున్నది. నా చేతులతోనే మీ అక్కను సంపుకున్న. నన్ను మాఫ్ చెయ్యుండ్రి."

ఆమె కళ్ళ నిండా నీళ్ళు. నా నోటి దాకా వచ్చింది. దేవుడి సాక్షిగా నోటి దాకా వచ్చింది. "సుగుణా, అది నువ్వు కాదు" అనాలి. నాలుగు మాటలు. ఒక గాజు తొడిగినంత సేపు కూడా పట్టదు.

"పోన్లే అమ్మా. నీ మీద నాకేం కోపం లేదు" అన్నాను.

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. నేను పట్టుకోనిచ్చాను. బస్సు వచ్చింది, ఎక్కాను. బషీర్‌బాగ్ దగ్గర దిగాల్సింది, దిగడం మర్చిపోయాను.

తప్పు చేయని మనిషిని నేను క్షమించాను. రుక్మక్క విషయంలో నాకు తెలియకపోవడం ఉంది, ప్రేమ ఉంది, తొందర ఉంది. ఎప్పుడో ఒక డాక్టరును, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి గడ్డ కదులుతుందమ్మా, ఎవరూ చెప్పలేరు అన్నాడు. ఆ మాట ఇంటికి తెచ్చుకుని కొన్నాళ్ళు దాచుకున్నాను. అది నన్ను ఓదార్చలేదు. ఎందుకంటే గాజుల దుకాణం ముందు తెలియకపోవడం లేదు, తొందర లేదు, భయపడడానికి ఎవరూ లేరు. అప్పటికి పెద్దాయన కూడా పోయారు. ఆమె, నేను. అంతే కద.

నెల తిరిగాక, ధైర్యం చేసుకుని మళ్ళీ వెళ్ళాను. దుకాణం ఉంది, ఆమె లేదు. పెళ్ళయి వెళ్ళిపోయిందన్నారు. ఏ ఊరో వాళ్ళకు తెలియదు. తెలిసినా నేను వెళ్ళేదాన్నో కాదో నాకు నమ్మకం లేదు. ఇప్పుడు ఆమెకు కూడా జుట్టు నెరిసి ఉంటుంది. ఎక్కడో కూర్చుని, తన చేతులు చూసుకుని, ఒకప్పుడు ఒక మనిషిని చంపుకున్నానని మనవలకు చెప్పకుండా దాచుకుంటూ ఉంటుంది. నా బరువు సగం ఆమె మోస్తోంది. నేనిచ్చిన సగం.

ఇది చదివి మీరు నన్ను ఏమీ అనకండి. ఓదార్చకండి కూడా. ఓదారిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు, సుగుణకు నేను చేసింది అదే. నాకు కావలసింది ఒక్కటే. ఎవరో ఒకరు వినాలి.

ఆ కట్టు విప్పింది నేను. పిక్క పిసికింది నేను. పైనుంచి కిందికి కట్టి, పిన్నీసు చీలమండ దగ్గర పెట్టింది నేను. సుగుణ కట్టిన కట్టు సరిగ్గానే ఉంది. పాదం నుంచి పైకి, కింద గట్టిగా, పైకి వదులుగా. విప్పేటప్పుడు నా కళ్ళతో చూశాను. పిన్నీసు తొడ దగ్గరే ఉంది.